సత్తియ్య మావయ్య ముక్కు

మా మునగపాకలో బెల్లం వండేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, నీళ్ళ గిన్నె లేకుండా పాకం దింపేవాడు మా అమ్మకి అన్న, సత్తియ్య మావయ్య ఒక్కడే. మిగతావాళ్ళు పాకం బొట్టు నీళ్ళలో వేసి, వేళ్ళతో నలిపి చూసుకుంటారు. ఆయన చెరుకు రసం కాగే పెద్ద పెనానికి బారెడు దూరంలో కూర్చుని, ఆవిరి పీల్చి, "దింపండ్రా!" అనేవాడు. గిన్నె పెట్టుకునేవాళ్ళని వెక్కిరించేవాడు కూడా. నిజం చెప్పొద్దూ, ఆ పొగరు నాకు నచ్చేది.

2006 కార్తీకంలో ఆయనకి వైరల్ జ్వరం వచ్చింది. వారానికి జ్వరం పోయింది, పోతూ పోతూ వాసనా రుచీ పట్టుకుపోయింది. అత్త చేపల పులుసు పెడితే కంచం పక్కకి నెట్టేశాడు. అనకాపల్లి డాక్టరు, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని మావయ్య అత్త చేత ఒట్టు వేయించుకున్నాడు.

మా నాన్న పరదేశి, ఏటా ఇచ్చినట్టే, ఆ ఏడు మా చెరుకు మొదటి పెనం ఆయనకే అప్పగించాడు. గిన్నె పక్కనే ఉంది. ఇంతమంది చూస్తుండగా దాన్ని ముట్టడమా! ముట్టలేదు. పాకం అడుగంటి మాడింది. ఆ మాడు వాసన అందరికీ కొట్టింది, ఆయనకి తప్ప. నాన్నకీ నాకూ అప్పుడే సంగతి అర్థమైంది. మావయ్యని మూర్ఖుడని తిట్టుకున్నాను. ఆ వెంటే ఏడుపొచ్చింది.

నాన్న మర్నాడూ ఆయన్నే పిలిచాడు. పెనం దగ్గర తచ్చాడుతూ, సరిగ్గా పాకం వచ్చే వేళకి, "బావా, దింపేద్దామేటి?" అని అడిగేవాడు. మావయ్య తలూపేవాడు. అలా నాలుగు పెనాలు దిగాయి. బెల్లం బంగారంలా వచ్చింది. సత్తియ్య చెయ్యి పడితే అంతే, అన్నారు చూసినవాళ్ళు.

ఐదో పెనానికి నాన్న నోరు తెరవబోతుంటే మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంక సాలు బావా. నాలుగూ నువ్వే వండేవు. నాకు తెల్దనుకున్నావేటి?"

నాన్న తల దించుకున్నాడు.

"సరే గానీ, ఇప్పుడు వాసనెలాగుంది? సెప్పు."

"బెల్లం వాసనే బావా..."

"అదేటి సెప్పడం! ఎలాగుంటదో సెప్పు."

నాన్న గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ వాసనలోనే బతికిన మనిషికి ఒక్క మాటా దొరకలేదు.

మావయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఎలాగోలా సెప్పు బావా. నేను మరిసిపోతన్నాను."