చప్పుడు

ఆ ప్రయోగశాలలో లేజర్ నడిపే ఆయన తలుపును రెండు చేతులా పట్టుకుని మూస్తాడు. చెప్పులు బయటే విడిచి పిల్లిలా నడుస్తాడు. రెప్పపాటులో లక్షోవంతు కూడా నిలవని వెలుగు దెబ్బలతో ఉక్కు రేకు మీద వెంట్రుక కన్నా సన్నటి గీతలు చెక్కడం ఆయన పని. అలా చెక్కిన రేకు మీద నీటిబొట్టు నిలవదు, జారిపోతుంది. పక్కన ఎవరైనా గట్టిగా అడుగేస్తే చాలు, గీత వంకరపోయి రేకు చెత్తబుట్ట పాలవుతుంది. అందుకే గీత పూర్తయ్యేదాకా ఊపిరి బిగబడతాడు. ఇంట్లోనూ అదే తీరు. గిన్నె మోగితే మొహం మాడ్చుకుంటాడు. మునివేళ్ల మీద నడిచే ఆరేళ్ల కూతుర్ని చూసి చుట్టాలు, "బంగారు తల్లి, ఇంట్లో ఉన్నట్టే తెలీదు" అంటే పొంగిపోయేవాడు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆయన కునుకు తీసి లేచేసరికి పిల్ల అల్మరా దగ్గర నిలబడి ఉంది. వేళ్లు తలుపు సందులో ఇరుక్కుని నల్లబడ్డాయి. మొహమంతా కన్నీళ్లు. నోట్లో గౌను అంచు కుక్కుకుంది.

"పిలవొచ్చు కదమ్మా?" అన్నాడు, వేళ్లు విడిపిస్తూ.

"నువ్వు పడుకున్నావుగా నాన్నా. ఊపిరి బిగబట్టా."

ఆయన చొక్కా వేసుకునేలోపే, వంటింట్లోంచి వచ్చిన పిల్ల తల్లి పిల్లను ఎత్తుకుని ఆస్పత్రికి బయల్దేరింది. అంత కంగారులోనూ వీధి తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.