రూబీ కూర్చుంటే

టైడా స్టేషన్‌లో రైలు దిగేసరికి ఉదయం తొమ్మిది ఇరవై. జూలై రెండో వారం. సన్నగా వాన. ఎదురుగా ఉన్న కొండ సగం వరకే కనబడుతోంది, పై సగం మబ్బులో ఉంది. నా దగ్గర ఒక ట్రంకు పెట్టె, ఒక బెడ్డింగు, రైఫిలు, వాన కోటు, పనిముట్ల సంచి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, సాయుధ బెటాలియన్‌లో రేడియో ఆపరేటర్‌గా చేరి ఏడాదిన్నర.

జీపులో గంటా పది నిమిషాలు. క్యాంపు ఒక గుట్ట మీద ఉంది. నలభై రెండు మంది, పదకొండు టెంట్లు, ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డే రేడియో గది. గుట్ట కింద నుంచి సంత జరిగే ఊరి దాకా ఆరు కిలోమీటర్ల మట్టిరోడ్డు. జనం దాని మీద నడిచేముందు మందుపాతరలు లేవని తేల్చడం మా కంపెనీకి ఇచ్చిన పని.

నిజానికి తేల్చేది రూబీ. నల్ల లాబ్రడార్, నాలుగేళ్లది, ఇరవై ఏడు కిలోలు. మందు వాసన తగిలితే మొరగదు, నేల గీకదు. కూర్చుంటుంది. హ్యాండ్లర్ వచ్చి మెడ మీద చెయ్యి వేసేదాకా కదలదు. దానికి నేర్పింది అంతే, దాని మీద మా అందరి కాళ్లు ఆధారపడి ఉన్నాయి.

హ్యాండ్లర్‌ది పాలకొండ వైపు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద, అందుకని అన్న అనేవాణ్ణి. నేను వచ్చిన తొమ్మిదో రోజున ఆయనకు మలేరియా సోకింది. స్ట్రెచర్ మీద పడుకుని, పళ్లు టకటక కొట్టుకుంటుంటే నాచేత జాబితా రాయించాడు.

"ఐదింటికి బయటికి తిప్పాల. ఐదున్నరకి దువ్వాల. పిడుదులుంటే పీకాల. రోడ్డు మీంచి వత్తే ముందు కాళ్లు సూడు, తరవాతే నువ్వు నీళ్లు తాగు. బువ్వ సాయంత్రం ఐదింటికి, ఒక్కసారే. రాసినావా?"

"రాశానన్నా. ఎనిమిది అంశాలు."

"అంశాలేటి రా! నా గుంట అది, కూతురనుకో. జాగర్త."

కంపెనీ కమాండర్ సారు నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, క్యాంపు దాటి బయటికి వెళ్లనివాళ్లం నేను, వంటవాడు ఇద్దరమే. వంటవాడికి కుక్కలంటే పడదు. "వారం రోజులే," అన్నారు సారు. అది ఏడు వారాలైంది. ఆ ఏడు వారాలూ రోడ్డు తనిఖీ చేతి డిటెక్టర్‌తోనే జరిగింది.

నా డ్యూటీ ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు, మళ్లీ నాలుగు నుంచి ఎనిమిది. మధ్యలో బ్యాటరీల ఛార్జింగు, యాంటెన్నా తీగల తనిఖీ. చెవుల మీద హెడ్‌ఫోన్, చేతిలో పెన్సిల్. రూబీని సెట్టు బల్ల కాలికి గొలుసుతో కట్టేవాణ్ణి. మొదటి మూడు రోజులు తలుపు వైపే చూస్తూ పడుకుంది. నాలుగో రోజు పది గంటల ఐదు నిమిషాలకు లేచి, నా ఎదురుగా వచ్చి కూర్చుంది. నిటారుగా. నా ముఖంలోకి చూస్తూ.

ఏం కావాలో అర్థం కాలేదు. నీళ్లున్నాయి. పొద్దున్నే బయటికి తిప్పాను. హెడ్‌ఫోన్‌లో రోడ్డు పార్టీ మాట్లాడుతోంది, లేవడానికి లేదు. బల్ల మీద నా గ్లూకోజ్ బిస్కెట్లున్నాయి. ఒకటి పడేశాను. తింది. వెళ్లి పడుకుంది. సమస్య తీరిందనుకున్నాను.

అన్నీ రాసుకోవడం నా అలవాటు కాబట్టి అదీ రాశాను. తేదీ, సమయం, కూర్చుంది, ఒక బిస్కెట్. మొదటి వారం రోజుకు రెండుసార్లు. మూడో వారం ఆరుసార్లు. ఐదో వారం పదకొండు. ఆకలేమోనని కమాండర్ సారును అడిగి అన్నం పెంచాను. తగ్గలేదు. హ్యాండ్లర్ మీద బెంగేమోనని ఆయన పాత బనియన్ తెచ్చి పక్కలో వేశాను. దాని మీద పడుకుంది, లేచింది, వచ్చి కూర్చుంది. బ్యాటరీల ఆసిడ్ వాసన వల్లేమోనని వాటిని బయటికి మార్చాను. ఒక్కో కారణాన్నీ కొట్టేస్తూ వెళ్లాను. చివరికి ఏ కారణమూ మిగల్లేదు, కూర్చోవడం మాత్రం మిగిలింది.

ఐదో వారం గురువారం, మధ్యాహ్నం రెండుంపావు. యాంటెన్నా స్తంభం దగ్గరికి తీసుకెళ్తుంటే స్టోర్ టెంటు ముందు రూబీ ఆగింది. బియ్యం బస్తాల వైపు తిరిగి కూర్చుంది. చేతి సెట్టు నొక్కి చెప్పాను: "స్టోర్ దగ్గర డాగ్ కూర్చుంది. మళ్లీ చెబుతున్నాను, డాగ్ కూర్చుంది."

క్యాంపు మొత్తం గుట్ట దిగింది. డిటెక్టర్‌తో ఇద్దరు లోపలికి వెళ్లారు. ఇరవై ఆరు బస్తాలు ఒక్కొక్కటే వానలోకి వచ్చాయి. చివరి బస్తా వెనక దొరికింది గ్లూకోజ్ బిస్కెట్ల పెట్టె.

వంటవాడిది విజయనగరం. తడిసిన బస్తాల మధ్య నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. "ఓరి నీ రేడియో తగలెయ్య! నానేటి బాంబులొండుతన్నానేట్రా? రేపట్నించి మీ అందరికీ గంజే. ఏటిలా అనడిగితే ఈడి పేరు సెప్తాను."

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. "కుక్క ముక్కు పోయిందా?" అని అడిగారు. తెలియదన్నాను. బిస్కెట్ వాసన ఎక్కువై తికమక పడిందని పుస్తకంలో రాశాను. నాకు నిజంగా అలాగే అనిపించింది.

ఏడో వారం హ్యాండ్లర్ తిరిగొచ్చాడు. బెల్టుకు రెండు కొత్త రంధ్రాలు పొడిపించుకున్నాడు. రూబీ ఆయన చుట్టూ తిరిగి, కాళ్ల మధ్య దూరి, బూట్లు నాకి, తర్వాత నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"కూకుంటే ఏటిచ్చినావు?"

"బిస్కెట్ అన్నా."

"ఎన్నిమార్లు?"

పుస్తకం తెచ్చి ఇచ్చాను. పేజీ పేజీ తిప్పి చూశాడు. తొందరపడలేదు. నేను నిలబడే ఉన్నాను. అప్పుడు కూడా నాకు పూర్తిగా అర్థం కాలేదు. చివరి పేజీ మూసి నా చేతిలో పెట్టాడు.

"మందుందని సెప్పడానికి అది కూకోవాల. నువ్వు బిస్కెట్టు అడగడానికి కూకోమని నేర్పినావు. మొత్తం రాసినావు కద తమ్ముడూ. సదువుకున్నోడివి."

ఆ విషయం జాబితాలో ఎందుకు లేదని అడిగాను. "ఊపిరి తియ్యాలని కూడా సెప్పాలేటి?" అన్నాడు. ఇద్దరిలో ఎవరిది తప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తర్వాత పన్నెండు రోజులు ఆయన దాన్ని మళ్లీ మొదటి నుంచి నడిపించాడు. మందు నమూనాలు గడ్డిలో దాచడం, వెతికించడం. నా గది వైపు రానివ్వలేదు. పన్నెండో రోజు పది పరీక్షల్లో ఎనిమిది సరిగ్గా చేసింది. మిగతా రెండుసార్లూ ఏమీ లేని చోట కూర్చుంది. రెండుసార్లూ నేను కనుచూపు మేరలో ఉన్నాను.

సారు ఆలోచించి ఒక ఆర్డరు ఇచ్చారు. రోడ్డు తనిఖీకి నన్ను కూడా రమ్మన్నారు. హ్యాండ్లర్‌కు పది మీటర్ల వెనక నిలబడాలి. కుక్క కూర్చుని నా వైపు చూస్తే బిస్కెట్. హ్యాండ్లర్ వైపు చూస్తే మందు. కొలత రావాలంటే రెండు తీగలూ తగలాలి కదా, అలా మల్టీమీటరు రెండో తీగలా నన్ను వాడుకున్నారు. నాకు సబబుగానే తోచింది.

సంత రోజు. ఉదయం ఏడూ పది. వాన లేదు, గాలి లేదు, నేల తడిగా ఉంది. రెండో కిలోమీటరు దాటాక ఒక కల్వర్టు. మా వెనక అడ్డాకుల కట్టలతో, అల్లం గంపలతో పాతికమంది దాకా ఆడవాళ్లు ఆగి ఉన్నారు. రూబీ కల్వర్టు ఇవతలి అంచున ఆగి, కూర్చుంది.

హ్యాండ్లర్ పిడికిలి ఎత్తాడు. అందరం నేల మీద పడ్డాం. నా సెట్టులో సారు గొంతు.

"ఎవరి వైపు చూస్తోంది?"

"ముందు కల్వర్టు వైపు చూసింది సార్. తర్వాత అన్న వైపు. ఇప్పుడు నా వైపు."

"ఒకటి చెప్పు."

"మూడూ సార్."

వెనక నుంచి ఒక పెద్దావిడ గంప దించకుండానే అరిచింది. "ఓ బాబూ, ఏటయింది? సంతకి యేళ దాటిపోతంది. మీ కుక్క కూకుంటే మేము నిలబడాలేటి?"

హ్యాండ్లర్ రూబీని పిలిచాడు. రాలేదు. మళ్లీ పిలిచాడు. చెవులు కదిలాయి, అది కదల్లేదు. పాత శిక్షణ ప్రకారం మెడ మీద చెయ్యి పడేదాకా లేవదు. నా శిక్షణ ప్రకారం బిస్కెట్ పడేదాకా లేవదు. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి.

"వెనక్కి వచ్చెయ్, కుక్కని వదిలెయ్," అన్నారు సారు.

"నేను ఒగ్గను సార్," అన్నాడు. పొట్ట మీద పాకడం మొదలుపెట్టాడు. ముందు నేలను చేత్తో తడమడం, తర్వాత మోచెయ్యి, తర్వాత మోకాలు. పద్దెనిమిది మీటర్లు. ఇరవై నాలుగు నిమిషాలు. మెడ మీద చెయ్యి వేశాడు. అది లేచింది. పాకిన గీత మీదే ఇద్దరూ వెనక్కి వచ్చారు.

బాంబు స్క్వాడ్ పదకొండూ ఇరవైకి చేరింది. కల్వర్టు అవతలి వైపు రాళ్ల కింద ఒక స్టీలు డబ్బా దొరికింది. తుప్పు పట్టింది, లోపల మందు తడిసి ముద్దయింది, తీగలు లేవు. ఎన్నేళ్ల కిందటిదో చెప్పలేమన్నారు. రూబీ కూర్చున్న చోటు నుంచి దూరం టేపుతో కొలిచాను. ఏడు మీటర్ల పది సెంటీమీటర్లు. మామూలుగా అది మీటరు లోపల కూర్చుంటుంది.

తూములోంచి వాసన వచ్చుంటుందని హ్యాండ్లర్ అన్నాడు. ఆ సమయానికి గాలి లేదని నా పుస్తకంలో ఉంది.

మధ్యాహ్నం మూడింటికి సారు టెంటులో రిపోర్టు రాయాలి. కుక్క సూచన అనే చోట రెండు గళ్లు: సరైనది, తప్పు. సారు పెన్ను పట్టుకుని నన్ను చూశారు. "ఏడు వారాలు నీ దగ్గర పెరిగింది. అది చెప్పిందా, అడిగిందా?"

"తెలియదు సార్."

"తెలీకపోతే సరైందని రాయించు తమ్ముడూ," అన్నాడు హ్యాండ్లర్, మెల్లగా. "డబ్బా దొరికింది కద. దాని రోడ్డు డ్యూటీ దానికుంటాది."

అనొచ్చు. ఒక్క మాట. డబ్బా నిజంగానే ఉంది. ఏడు మీటర్లు కూడా నిజంగానే ఉన్నాయి. రేపు ఇంకో కల్వర్టు దగ్గర అది కూర్చుంటే ఆయన మళ్లీ పాకుతాడు, కూర్చోకపోతే మేమందరం నడుస్తాం.

"తెలియదు సార్," అన్నాను మళ్లీ.

సారు రెండు గళ్లూ వదిలేసి పక్కన రాశారు: నిర్ధారణ కాలేదు. ఆ రెండు మాటలనూ హెడ్‌క్వార్టర్స్‌కు నేనే పంపాను, అక్షరం అక్షరం విడగొట్టి, రెండుసార్లు. అందిందని జవాబొచ్చింది.

మూడు వారాలకు ఆర్డరు వచ్చింది. రూబీని రోడ్డు డ్యూటీ నుంచి తప్పించి శిక్షణ కేంద్రం కెన్నెళ్లకు పంపాలి. హ్యాండ్లర్‌కు కొత్త కుక్క. ఆయన నన్ను తిట్టలేదు. రూబీని వ్యాను ఎక్కించి తలుపు గొళ్లెం తనే పెట్టాడు. "దాని తప్పేటుంది, సెప్పు," అన్నాడు. నన్ను అడిగాడో, తలుపును అడిగాడో.

నా గడువు ఫిబ్రవరిలో ముగిసింది. ట్రంకు, బెడ్డింగు, పనిముట్ల సంచి. రైఫిలు అప్పగించి సంతకం పెట్టాను. మరుసటి ఏడాది ఉద్యోగం మానేశాను. ఇప్పుడు విశాఖలో ఆసుపత్రి పరికరాల సర్వీసింగ్ చేస్తున్నాను, తొమ్మిది నుంచి ఆరు దాకా. కుక్కను తెచ్చుకున్న సహోద్యోగులు ఉద్యోగంతో పాటు దాన్నెలా చూసుకోవాలని అడుగుతారు. వేళలు చెబుతాను, పిడుదుల మందు చెబుతాను. మీరు పనిలో తలమునకలై ఉన్నప్పుడు కూడా అది మీ దగ్గర నేర్చుకుంటూనే ఉంటుందని చెబుతాను. ఏం నేర్చుకుంటుందని అడుగుతారు. వేళలు మళ్లీ మొదటి నుంచి చెబుతాను.

ఒక్కటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. తడి మట్టిలో నా ముందు దూరమవుతున్న రెండు బూట్ల అడుగుభాగాలు. ఎడమదాని మడమ దగ్గర ఎర్రమట్టిలో ఇరుక్కున్న చిన్న తెల్ల రాయి. అవి ఆగుతాయి, ఒక చెయ్యి ముందుకు వెళ్తుంది, మళ్లీ కదులుతాయి. వాటికి పైన, ఆ మనిషి తల మీదుగా, రూబీ నావైపు చూస్తోంది.