కాల్చకూడని రింగు

2022 వానాకాలం. అంబాజీపేటలో మా ఇంటి ముందుగదే నా పనిచోటు. నేను బడిలో చదువుకున్నదాన్ని కాదు. లెక్కలూ, ఇంగ్లీషూ, కాయిల్ చుట్టడమూ మా నాన్నగారు ఇంట్లోనే నేర్పారు. ఆ భిక్షకి రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. నేను చుట్టేవి ఎర్త్ లీకేజ్ రిలేల రింగులు. రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ తీగ నుంచి నీళ్లలోకి కాస్త కరెంటు కారినా రింగు పసిగట్టాలి, రిలే వెంటనే సప్లై ఆపెయ్యాలి.

ఆ రింగు మామూలు ఇనుము కాదు, నానోక్రిస్టలైన్. వెంట్రుక కన్నా పలచని ఇనుప మిశ్రమం రిబ్బన్ని చుట్టగా చుట్టి, కొలిమిలో తగినంతే వేడి చేస్తారు. అప్పుడు లోపల మామూలు మైక్రోస్కోపుకి కూడా అందనంత చిన్న స్ఫటికాలు పుడతాయి. అవి అంత చిన్నవి కాబట్టే ఇసుమంత కరెంటుకీ ఆ ఇనుము స్పందిస్తుంది. వేడి మితిమీరితే స్ఫటికాలు ముదిరిపోతాయి. ముదిరినవి మళ్లీ చిన్నవి కావు.

ఒక మధ్యాహ్నం సూరిబాబు గారు వచ్చారు. రాజోలు వైపు మోటార్లు రీవైండింగ్ చేసే మనిషి. వెంట వచ్చిన చెల్లెలు వరలక్ష్మి అరుగు మీదే కూర్చుండిపోయింది. ఆ నెలలోనే ఆమె భర్త చెరువులో దిగి, షాక్ కొట్టి పోయాడు. రిలే పడలేదు, సప్లై ఆగలేదు.

"ఆ రిలేలో కాయిల్ పోతే నేనే మళ్లీ చుట్టి బిగించేనండి. రింగు మాత్రం కంపెనీదే. లోపం అందులోనే ఉందని మా చెల్లికి మీ నోటితో ఒక్క మాట చెప్పండమ్మా," అన్నారు.

ఆయన తెచ్చిన రింగుకీ, ఒక కొత్త రింగుకీ సమానంగా తీగ చుట్టి, ఇనుము ఎంత స్పందిస్తోందో చూపే ఇండక్టెన్స్ మీటరు తగిలించాను. కొత్తదాని పక్కన ఆయనది దాదాపు చచ్చిపోయినట్టే ఉంది.

"పాత కాయిల్ ఎలా తీసేరండి?"

"అంటుకుపోయిందండి. మోటారు స్టేటర్లకి చేసినట్టే కొబ్బరి చిప్పల మంటలో కాల్చేను. మోటారు ఇనుముకి ఏమీ అవదు కదండీ?"

"బిగించేక పరీక్ష చేసేరా?"

"ఆయ్. తీగకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూసేనండి. టక్కున పడింది."

బల్బు లాగే కరెంటు పెద్దది. మనిషి ప్రాణం తియ్యడానికి అందులో కొంచెం చాలు. ఆ కొంచెం కరెంటుని పట్టేదే ఈ ఇనుము. ఆ మాటా, మంటలో అది పాడైన సంగతీ చెప్పాను. అంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆయన రింగుని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశారు. "మళ్లీ కొలిమిలో పెడితే?"

"బాగుపడదండి."

వరలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది. "ఏమంటన్నారన్నయ్యా? కంపెనీదేనా తప్పు?"

"కాదమ్మా. నాదే."

ఆమె ఏడవలేదు. "మోటార్లకి డాక్టర్నని చెప్పుకు తిరిగేవాడివి కదా," అంది. ఆ వెంటనే, "ఇలాంటివి ఇంకా ఎన్ని కాల్చేవు?" అని అడిగింది.

ఆయన రింగు కింద పెట్టి, వేళ్ల మీద చెరువులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఆ పూటే ఇద్దరూ బయల్దేరి, ఆయన కాయిల్ మళ్లీ చుట్టిన రిలేలున్న చెరువులన్నీ తిరిగారు. విప్పి తెచ్చిన ప్రతి రింగుకీ బదులు కొత్తది చుట్టి ఇచ్చాను. ఒక్కటి మాత్రం దొరకలేదు. ఆ చెరువు లీజుకి చేసినాయన నష్టం వచ్చి, సామానంతా అమ్మేసి వెళ్లిపోయాడట. కొన్నదెవరో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఏ రింగు ఇచ్చినా, నిప్పు తగలనివ్వొద్దనీ, బల్బు పరీక్షని నమ్మొద్దనీ చెప్పే ఇస్తాను. సూరిబాబు గారి రింగు నాకు నేర్పింది అదే. దొరికినవాటికి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. దొరకనిదాని దగ్గరికి వచ్చేసరికి ప్రార్థన ఆగిపోతుంది. ఎవరి పేరు చెప్పి కాపాడమని అడగను? అది ఏదో చెరువు గట్టున, బల్బు పెడితే టక్కున పడుతూ, బాగానే ఉన్నట్టుగా బిగించి ఉంటుంది.