నాయన మొలతాడు

మా నాయన ఎడమకాలి బొటనవేలు నల్లబడింది. పొత్తికడుపు దగ్గర నుంచి ఆ కాలికి పోయే రక్తనాళం పూడిందని, తెరవకపోతే పాదం తీసేయాల్సి వస్తుందని తమిళనాట ధర్మపురి డాక్టరు చెప్పాడు. పెద్ద కోత ఉండదట. కుడి గజ్జలో చిన్న రంధ్రం చేసి, ఎక్స్‌రే తెర చూసుకుంటూ సన్నని తీగ పంపుతారట. మా ఊరు కడత్తూరు నుంచి ఆ ఆసుపత్రికి బస్సులో వచ్చినంతసేపూ నాకు కుదురు లేదు.

ఒంటి మీద లోహం ఉండకూడదు, మొలతాడు కూడా తీసేయండని నర్సు తమిళంలో చెప్పి పోయింది. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"కొయ్యొద్దురా. సచ్చినోనికి కదా మొలతాడు కోసేది."

విప్పబోయాను. ఎన్నేళ్ల చెమట తాగిందో, ముడి రాయిలా ఉంది. నాకు మొదటినుంచీ ఓపిక తక్కువ. దానికున్న వెండి తాయెత్తును నడుము వెనక్కి తోసి, తీసేశామని నర్సుతో అనేశాను. ఫొటో ముందు నుంచే కదా తీస్తారు, వెనకున్నది ఎలా కనబడుతుందనుకున్నాను. చెట్టికరై కాలేజీలో ఇంజనీరింగు చదివిన బుర్ర ఇది.

బయట కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే తలుపు తెరుచుకుంది. ఎక్స్‌రే తగలకుండా సీసపు కోటు తొడిగి నన్ను లోపలికి పిలిచారు. తెర మీద నాయన ఎముకలు బూడిదరంగులో ఉన్నాయి. వాటి మధ్య, తీగ దూరవలసిన సందు మీదే, తాయెత్తు నల్లగా అడ్డం పడుకుని ఉంది.

"తీసేశామన్నారే" అన్నాడు డాక్టరు. "నాళం కనబడే మందు మళ్లీ మళ్లీ ఎక్కించలేను. ఈయన కిడ్నీలు తట్టుకోవు."

నాకు సిగ్గూ భయమూ కలిసి వచ్చాయి. పడుకున్న మనిషిని ఇప్పుడు కదపకూడదని నర్సు కత్తెర తీసింది. గజ్జ దగ్గర మాత్రమే మత్తు ఇచ్చారు కాబట్టి నాయన మెలకువగానే ఉన్నాడు.

"ఆ యమ్మ వద్దు. నా కొడుకు కోస్తాడు" అన్నాడు.

నర్సు పక్కనుంచి గుడ్డ ఎత్తి పట్టుకుంది. మొదటిసారి కత్తెర జారింది. రెండోసారికి తాడు తెగింది, తాయెత్తుతో సహా బయటికి లాగేశాను.

నన్ను గది పక్కనున్న గాజుగోడ వెనక్కి పంపేశారు. అక్కడి నుంచి తెర చూశాను. తీగ సందులోకి దూరింది, ఆగింది, మళ్లీ కదిలింది. కాసేపటికి మందు నల్లని గీతలా మోకాలి దాకా జారింది. ఏడ్చేశాను.

మధ్యాహ్నం వార్డులో నాయన పాదం పట్టుకుని చూస్తే వెచ్చగా ఉంది. అబద్ధం చెప్పి తప్పు చేశానని అన్నాను. ఆయన కళ్లు మూసుకునే జవాబిచ్చాడు.

"పోనీలే. ఈ పొద్దు కోసినావు కదా, ఆ పొద్దు నీ చెయ్యి వణకదు."