క్రాఫ్టు మాస్టారి అధ్యక్షులు

మా ఊరి హైస్కూల్లో క్రాఫ్టు మాస్టారు త్రిమూర్తులు గారికి ఒకే ఒక్క జబ్బు. పిల్లవాడెవడైనా ఖాళీగా కంటబడితే చాలు, అప్పటికప్పుడు ఒక సంఘం పెట్టి వాణ్ణి దానికి అధ్యక్షుణ్ణి చేసేసేవారు.

శనివారం ఆఖరి రెండు పీరియడ్లూ పిల్లలు తమకి ఇష్టమైన పని నేర్చుకోవాలని రూలు. మిగతా బళ్ళలో కుట్టుపని, తోటపని అని రెండో మూడో ఉంటే, మా బడిలో ఎన్నున్నాయో హెడ్మాస్టారికే తెలిసేది కాదు. కిటికీలోంచి మబ్బులు చూస్తూ కూర్చునే శివనాగరాజు వాతావరణ సంఘానికి అధ్యక్షుడు. రోజూ ప్రార్థనలో లేచి "ఈవేళ వాన పడును" అని ప్రకటించేవాడు. కోనసీమ కాబట్టి సగం రోజులు పడేది. పడని రోజున "కాకినాడలో పడిందండి" అనేవాడు. రోజూ ఆలస్యంగా వచ్చే కొండబాబు ఆలస్య నివారణ సంఘానికి అధ్యక్షుడు. గేటు దగ్గర నిలబడి తనకన్నా ఆలస్యంగా వచ్చినవాళ్ళని మందలించాలి. వాడి తరవాత వచ్చేవాళ్ళెవరూ ఉండరు గనక పని తేలిక. ఆటస్థలంలో ఎవడైనా "అధ్యక్షా, బంతి ఇటు!" అని అరిస్తే బడంతా తిరిగి చూసేది.

హెడ్మాస్టారు కుమారస్వామి గారు తల పట్టుకునేవారు.

"మీ అధ్యక్షులకి ఎక్కాలు రావట్లేదు మాస్టారూ!"

"మరేనండి. ఎక్కాల సంఘం పెట్టేద్దామా అండీ?"

ఇంక నా సంగతి. నేను చదివింది ఈ ఊళ్ళోనే, అదీ ఐదో తరగతి దాకా. అయినా ఈ బడికి ప్రహరీ కట్టించింది నేను, బోరు వేయించింది నేను, అమలాపురం బస్సు గేటు ముందు ఆగేలా చేసింది నేను. ఏళ్ళ తరబడి బడి కమిటీకి పెద్దగా ఉన్నాను. తొంభై తొమ్మిదిలో కమిటీ మారింది. ఆ వారంలోనే త్రిమూర్తులు మాస్టారు మా అరుగెక్కారు.

"బంగారరాజు గారూ, బడి చరిత్ర సంఘం పెట్టేనండి. తమరే గౌరవాధ్యక్షులు."

నా అంత అనుభవం ఉన్నవాణ్ణి వదులుకోకూడదని తెలిసిన మనిషి, బుద్ధిమంతుడు అనుకున్నాను. ప్రతి శనివారం వెళ్ళి ప్రహరీ ఎలా లేచిందో చెప్పేవాణ్ణి. పిల్లలకి ఎంత బాగా వచ్చేసిందంటే, ఇసుక లారీ దిగబడిన చోట నేను దగ్గితే ఆ పై కథ వాళ్ళే అందుకునేవారు.

రెండువేల ఒకటిలో అసలు చిక్కు వచ్చింది. పదో తరగతిలో అందరికన్నా బాగా చదివే సత్యప్రియ హఠాత్తుగా బడి మానేసింది. తల్లి వీరలక్ష్మి ఇళ్ళల్లో పనికి కువైట్ వెళ్ళింది. తండ్రి తెల్లారకుండా కొబ్బరి దింపుకి పోతాడు. ఏడాదిన్నర తమ్ముడు సూర్యతేజని చూసుకోడానికి ఇంట్లో మరో మనిషి లేదు. "హాజరు చాలకపోతే పబ్లిక్ పరీక్షకి పంపడం నా చేతుల్లో లేదు" అన్నారు హెడ్మాస్టారు.

మర్నాడే త్రిమూర్తులు మాస్టారు కొత్త సంఘం ప్రకటించారు. శిశు సంరక్షణ సంఘం. అధ్యక్షురాలు సత్యప్రియ. ప్రాక్టికల్‌కి కావలసిన సామాను అధ్యక్షురాలే తెచ్చుకోవాలి.

తెచ్చుకుంది. చంకనెక్కించుకుని.

క్రాఫ్టు గదిలో చాప పరిచారు. పదో తరగతి పిల్లలు వంతులేసుకున్నారు. హెడ్మాస్టారు పరిగెత్తుకొచ్చారు.

"ఈ సంఘాలు శనివారం ఆఖరి పీరియడ్లకే కదా మాస్టారూ! రోజంతా ఏమిటిది?"

"పిల్లోడు శనివారమే ఏడుస్తాడాండీ?"

ఓ నెల సాఫీగా సాగింది. అంతలో జిల్లా నుంచి తనిఖీ అధికారి దిగారు. ఆ రోజు నేను చరిత్ర చెబుతున్నాను. అధికారి వరండాలో నడుస్తుంటే క్రాఫ్టు గదిలోంచి కేరుమని ఏడుపు. హెడ్మాస్టారు వెనకాలే పరిగెత్తారు. అధికారి కాదంటే సూర్యతేజ ఇంటికి, వాడితో పాటు సత్యప్రియా ఇంటికి.

"ఏమిటండీ ఇది?" అన్నారు అధికారి.

"ప్రాక్టికల్ సామానండి" అన్నారు త్రిమూర్తులు మాస్టారు.

సామానుని భుజాన వేసుకుని కొండబాబు అటూ ఇటూ తిరుగుతున్నాడు. అధికారి వాణ్ణి నిలేశారు.

"నువ్వేం నేర్చుకున్నావు?"

"నిద్రపుచ్చడం అండి. జోల పాడితే లేచిపోతున్నాడండి. ఎక్కం చెబితే పడుకుంటున్నాడండి."

"ఏదీ, చెప్పు."

కొండబాబు పదమూడో ఎక్కం మొదలెట్టాడు. సగంలో పిల్లాడి కళ్ళు మూతలు పడ్డాయి. ఎక్కం మాత్రం చివరిదాకా తప్పు లేకుండా వచ్చింది. హెడ్మాస్టారు నోరు తెరిచారు.

"బాగానే ఉంది. కానీ ఈ పిల్లాణ్ణి బడిలో పెట్టడానికి అనుమతి ఎవరిచ్చారు?"

హెడ్మాస్టారు మాస్టారి వైపు చూశారు, మాస్టారు నా వైపు చూశారు. ఇక నాకు తప్పలేదు.

"నేనేనండి."

"తమరెవరు?"

"చరిత్ర సంఘం గౌరవాధ్యక్షుణ్ణండి. ఈ ప్రహరీ కట్టించింది నేను, బోరు..."

"పిల్లాణ్ణి కూడా మంజూరు చేశారా?"

"ఆయ్."

అధికారి ఆపుకోలేక నవ్వేశారు. "గాలి తగిలే చోట పడుకోబెట్టండి" అని జీపెక్కారు.

జీపు దుమ్ము అణిగాక మాస్టారిని పట్టుకున్నాను. "ఈ సంఘం ఆ పిల్ల కోసమే గదా?"

"ఆయ్."

"మరి కొండబాబు?"

"పొద్దున్నే ఇంటింటికీ పాలు పోసి రావాలండి వాడు. లేటైందని రోజూ తంతే మానేస్తాడు గదండీ. గేటు దగ్గరే డ్యూటీ ఇచ్చేస్తే ఇంక లేటెక్కడుందండీ?"

"శివనాగరాజు?"

"మాట తడబడుద్దండి. క్లాసులో నవ్వుతున్నారని ఇంట్లో కూచుంటానన్నాడు. మబ్బుల గురించైతే గడగడా చెబుతాడండి. అధ్యక్షుడన్నాక బడి మానేస్తే బాగోదు గదండీ!"

ఔరా అనుకుని రెండడుగులు వేసి, ఏదో తట్టి వెనక్కి తిరిగాను.

"మరి నన్నెందుకు పెట్టేరు మాస్టారూ?"

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నారు. "కమిటీ మారేక తమరు ఇటుకేసి రావడమే మానేసేరు గదండీ" అన్నారు.

మరుసటి శనివారం కాస్త పెందలాడే వెళ్ళాను, కమ్మరిని వెంటబెట్టుకుని. సత్యప్రియ ఆ ఏడు ఫస్టు క్లాసులో పాసైంది. ఇప్పటికీ ఆ బడికెళితే పిల్లలకి ప్రహరీ చెబుతాను, బోరు చెబుతాను, బస్సు చెబుతాను. ఆఖర్న క్రాఫ్టు గదిలోకి తీసుకెళ్ళి దూలం చూపిస్తాను. ఆ ఉయ్యాల కొక్కెం వేయించింది కూడా నేనే.