ఉబ్బసంతో ఆరు మీటర్ల లోతుకి

"డాక్టరు గారూ, నేను నీళ్ళలోకి దిగొచ్చాండీ?" అని అడిగాను.

పదిహేనేళ్ళుగా నా ఊపిరితిత్తుల్ని చూస్తున్న అమలాపురం డాక్టరు గారాయన. కాలవ స్నానం సంగతేమో అనుకున్నారు. "వేసవిలో అయితే పర్లేదండి. వచ్చేక తల బాగా తుడుచుకోండి," అంటూ కలానికి మూత పెట్టారు.

"కాలవ కాదండి, సముద్రం. అడుక్కి. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని."

ఆయన మూత మళ్ళీ తీశారు. బయట నా తరువాత చీటీ వాళ్ళు దగ్గుతున్నారు. "ఈ ఆలోచన ఎక్కణ్ణించి వచ్చిందండీ మీకు?" అన్నారు.

వచ్చింది మా బడి వంటింట్లోంచి. నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. అక్కడ పిల్లలకి మధ్యాహ్న భోజనం వండే ఆవిడది ఓడలరేవు అనే సముద్రపు ఒడ్డు ఊరు. ఆవిడ మేనకోడలు విశాఖపట్నంలో స్కూబా డైవింగు నేర్పుతుంది. సముద్రం మీద వేట చేసే ఇంట్లో పుట్టిన పిల్ల, ముప్పై ఏళ్ళలోపు ఉంటుంది. సెలవుకి ఊరెళుతూ మేనత్తను చూడ్డానికి బడికి వచ్చింది. కారు డిక్కీలో సామాను చూసి పిల్లలు వదల్లేదు. సరేనని ఒక సిలిండరు వరండాలోకి దించి, దానికి గొట్టం బిగించి, పీల్చే ముక్క కడిగి ఒక్కొక్కరికీ ఇచ్చింది. అందరి తరువాత నేనూ అడిగాను.

నోట్లో పెట్టుకుని పీల్చగానే చల్లగా, పొడిగా గాలి వచ్చింది. దానికి ఏ వాసనా లేదు. మా ప్రాంతంలో గాలంటే తడి, బురద, పచ్చి కొబ్బరి డొక్కల వాసన. ఇదేమిటి ఇలా ఉంది అని మళ్ళీ పీల్చాను. వరసగా పదిసార్లు పీల్చి ఉంటాను. పిల్లలు నవ్వారు.

"నచ్చిందాండీ మేడంగారూ? ఓ సారి వచ్చేయండి, కిందకి తీసుకెళతాను," అంది ఆ అమ్మాయి.

"నాకు ఉబ్బసమమ్మా. ఏడో ఏట నుంచీ."

నవ్వు ఆపేసింది. "అయితే ముందు డాక్టరు గారిని అడగండి. ఆయన కాగితం మీద రాసిస్తేనేనండి. ఆయ్, అందులో మొహమాటం లేదు."

ఇదంతా చెప్పాను డాక్టరు గారికి. ఇంకో సంగతి కూడా చెప్పాను. లోతుకి వెళ్ళే కొద్దీ నీటి పీడనం పెరుగుతుందని ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద బొమ్మ వేసి చెబుతున్నాను. నేను మాత్రం మోకాలి లోతు దాటి దిగలేదు. చిన్నప్పుడు తోటి పిల్లలు కాలవలో ఈదుతుంటే రేవు మెట్ల మీద వాళ్ళ బట్టలకి కాపలా కూర్చున్నదాన్ని. ఒక్కసారి చూడాలని ఉంది.

"నాకు తెలీదండి," అన్నారాయన. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఓ వారం టైమివ్వండి. చదువుకుని చెబుతాను."

డాక్టరు నోటి నుంచి ఆ మాట నేను మొదటిసారి విన్నాను. నాకాయన మీద గౌరవం పెరిగింది.

వారం తరువాత వెళితే ఆయన బల్ల మీద ప్రింటు తీసిన కాగితాల కట్ట ఉంది. "కొందరు అసలు వద్దంటున్నారు. జబ్బు పూర్తిగా అదుపులో ఉండి, పరీక్షలు బాగుంటే దిగొచ్చని కొందరు. భయం ఎక్కడో చెబుతాను వినండి. మీ సమస్య గాలి లోపలికి వెళ్ళడం కాదు, బయటికి రావడం. ఊపిరి గొట్టాలు సన్నబడితే పీల్చిన గాలి లోపలే ఉండిపోతుంది. మీరు కింద నుంచి పైకొస్తుంటే ఆ గాలి..."

"వ్యాకోచిస్తుంది," అన్నాను. "పీడనం తగ్గుతుంది కదండీ."

"అదేనండి. అప్పుడు ఊపిరితిత్తి చిరగొచ్చు."

నలభై ఏళ్ళు ఉబ్బసంతో బతికి, నాకు అందనిది లోపలికి వచ్చే గాలే అనుకున్నాను. నాకు వచ్చిన లెక్కా, నా ఒంట్లో ఉన్న జబ్బూ ఒకదాన్నొకటి కలుసుకోవడం అదే మొదలు. భయం వేయాల్సింది పోయి ఇంకా ఇంకా అడగాలనిపించింది. బయట వాళ్ళు దగ్గుతూనే ఉన్నారు గనక లేచాను.

ఆయన పెట్టిన షరతు ఇది. ఊదితే అంకె చూపించే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటిచ్చారు. మూడు నెలల పాటు పొద్దునా సాయంత్రం ఊది ఆ అంకె రాయాలి. రోజువారీ మందు ఒక్క పూట మానకూడదు. తరువాత కాకినాడలో పెద్ద మిషను మీద ఊపిరి పరీక్ష, మెట్లెక్కి దిగాక మళ్ళీ పరీక్ష. దిగబోయే ముందు రెండు రోజుల్లో ఆయాసం మందు పీల్చాల్సి వస్తే ఆ ప్రయాణం మానుకోవాలి.

వంటింటి కేలండరు పక్కన కాగితం తగిలించాను. నెల తిరిగేసరికి ఒక సంగతి కనబడింది. ప్రతి సోమవారం పొద్దున అంకె పడిపోతోంది. బడికి వెళ్ళాలన్న దిగులేమోనని మా వారు వేళాకోళం చేశారు. మరో రెండు వారాలు చూశాక అర్థమైంది. ఆదివారం మా దొడ్లో కొబ్బరికాయల వలుపు. ఆ పీచు పొట్టు సాయంత్రం దాకా గాల్లో తేలుతుంది. ఇన్నేళ్ళూ ఆ దొడ్డి గుమ్మంలోనే కూర్చుని పేపర్లు దిద్దాను.

మా వారు తక్కువ మాట్లాడే మనిషి. ఆ కాగితం మీది సోమవారాలన్నీ చూసుకున్నారు. తరువాతి ఆదివారం కాయంతా బండి మీద చేను గట్టుకి తోలించి అక్కడే వలిపించారు. ఆ సోమవారం అంకె తగ్గలేదు.

కాకినాడ పరీక్షలు బాగానే వచ్చాయి. కాగితం మీద సంతకం పెడుతూ డాక్టరు గారు, "నేనూ వస్తానండి," అన్నారు.

"నా కోసమాండీ?"

"మీ కోసం కొంత. నాకూ చూడాలనుందండి. అరవై రెండేళ్ళొచ్చేయి, ఇంతవరకూ పెద్ద గోదావరి పడవలో దాటడమే గాని దిగింది లేదు."

ఆ అమ్మాయి సంక్రాంతి తరువాత సిలిండర్లు వేసుకుని వచ్చింది. మా వైపు నది ఒడ్డున ఒక రిసార్టులో ఈతకొలను రెండు రోజులు, రోజుకి రెండు గంటల చొప్పున అడిగి తీసుకుంది. రబ్బరు సూటులోకి దూరడానికే నాకు పావుగంట పట్టింది. డాక్టరు గారికి ఇంకా ఎక్కువ. మా వారు గట్టు మీద కుర్చీ వేసుకుని తువ్వాళ్ళూ, నా మందుల సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఒక్కటే గుర్తు పెట్టుకోండి మేడంగారూ," అంది ఆ అమ్మాయి. "ఊపిరి బిగపట్టకూడదండి. ఏమైనా సరే, ఎప్పుడైనా సరే."

మెడ లోతులో మోకాళ్ళ మీద కూర్చున్నాను. నీళ్ళు తల మీదుగా కలిశాయి. మొదటి నిమిషం అద్భుతంగా ఉంది. నా ఊపిరి నాకు గట్టిగా వినిపిస్తోంది. అందులో పిల్లికూతలు ఉన్నాయేమోనని చెవి పెట్టి విన్నాను. లేవు. రెండో నిమిషంలో ఆ పొడిగాలికి గొంతులో గరగర పుట్టింది. దగ్గు వచ్చింది. దగ్గగానే నా ఒళ్ళు దాని పాత అలవాటుకి పోయింది. భుజాలు పైకి లేచాయి, గుండె బిగుసుకుంది, పైకి లేచిపోదామని కాళ్ళు తన్నాను.

ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. నా కళ్ళలోకి చూస్తూ తన నోటి దగ్గర నుంచి వేలు ముందుకి మెల్లగా చాపింది. వదలండి, వదలండి అని. డాక్టరు గారు చెప్పిన మాట గుర్తొచ్చింది. బుడగలన్నీ అయిపోయేదాకా వదిలాను. ఆ తరువాత గాలి దానంతట అదే వచ్చింది. మళ్ళీ దగ్గు వచ్చింది. ఆ గొట్టంలోకే దగ్గాను. ఏమీ కాలేదు.

పైకొచ్చాక డాక్టరు గారు వెంటనే అంకె చూపించే గొట్టం ఇచ్చి ఊదమన్నారు. ఒడ్డున నిలబడి, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా ఊదాను. పొద్దుటి అంకే. "అబ్బో," అన్నారాయన, తనే ఊదినంత సంతోషంగా.

ఆ రోజూ మర్నాడూ మాస్కులో నీళ్ళు వస్తే ముక్కుతో ఊది పంపడం, నోట్లోంచి గొట్టం జారితే మళ్ళీ వెతికి పట్టుకోవడం నేర్చుకున్నాం. డాక్టరు గారు నాకంటే బాగా చేశారు.

అందుకే తరువాత విశాఖపట్నం సముద్రంలో జరిగింది ఎవరమూ అనుకోలేదు. పడవ మీద నుంచి తాడు పట్టుకుని ముగ్గురం దిగాం. రెండు మీటర్లు దాటగానే ఆయన చెవి చూపించి తల అడ్డంగా ఊపారు. ముక్కు మూసుకుని ఊదారు, కాస్త పైకెళ్ళి మళ్ళీ దిగారు. మూడుసార్లు ప్రయత్నించినా, పీడనానికి మూసుకుపోయిన చెవి తెరుచుకోలేదు. ఆ అమ్మాయి ఇద్దర్నీ పైకి తెచ్చి, ఆయన్ని పడవలోకి ఎక్కించి, నన్ను తీసుకుని మళ్ళీ దిగింది.

నేను ఆరు మీటర్ల దాకా వెళ్ళాను. నీలంగా ఉంటుందనుకున్నాను, మా చేపల చెరువంత పచ్చగా ఉంది. రాళ్ళు, రాయికి అతుక్కున్న నల్ల ముళ్ళ బంతుల్లాంటి జీవాలు, ఎప్పుడో చిక్కుకుని తెగిన వల ముక్క, దాని కన్నాల్లోంచి దూరిపోతున్న చిన్న చేపలు. నేను తెచ్చిన ఖాళీ నీళ్ళ సీసాను ఆ అమ్మాయి నడుముకి కట్టుకుంది. పడవలో మూత బిగించినప్పుడు గుండ్రంగా ఉన్న సీసా. ఇక్కడ పక్కలు లోపలికి పోయి, ఎవరో గుప్పిట్లో నొక్కినట్టుంది. లెక్క ప్రకారం మూడో వంతుకి పైగా తగ్గాలి. నిజంగానే తగ్గింది. సీసాని ఎంతసేపు తిప్పి చూశానో, ఆ అమ్మాయి నా భుజం తట్టి చేపల వైపు చూపించాల్సి వచ్చింది.

పైకొచ్చేసరికి డాక్టరు గారు తువ్వాలు కప్పుకుని అలిగి కూర్చున్నారు. "ఉబ్బసం మీకూ, వెనక్కి రావడం నాకూనా అండీ!" అని, వెంటనే తనే నవ్వి, ఊదే గొట్టం చేతికిచ్చారు.

ఆ తరువాత ఇంకో రెండుసార్లు దిగాను. నాలుగోసారికి బయలుదేరేముందు రాత్రి జలుబు చేసి ఆయాసం మందు పీల్చాను. ఎవరికీ చెప్పకుండా ఉండొచ్చు. పొద్దున ఆ అమ్మాయికి ఫోను చేసి నేనే చెప్పాను. "మంచిదండి. దిగకపోయినా పడవ మీదికి రండి," అంది. వెళ్ళాం, మా వారూ నేనూ.

ఇంకా ఒడ్డునే ఉన్న పడవలో నా సూటు మడత పెట్టి ఉంది. మా వారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు పట్టే సైజు ఉందామ్మా?" అని ఆ అమ్మాయిని అడిగారు.

ఇద్దరం తెల్లబోయాం. వారం ముందే రహస్యంగా డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి కాగితం రాయించుకున్నారట. జేబులోంచి తీసి ఇచ్చారు. ఆ అమ్మాయి గంటసేపు ఒడ్డున నడుం లోతులో అన్నీ నేర్పించాక ఆయన్ని సముద్రంలోకి తీసుకెళ్ళి కిందకి దింపింది. నేను పడవ అంచు పట్టుకుని బుడగలు చూస్తూ కూర్చున్నాను.

తిరుగు ప్రయాణంలో తుని దాటేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. ఒక చేప తన మాస్కులోకి తొంగి చూసిందట. ఇసుక అలలు అలలుగా ఉందట. నేను ప్రశ్న మీద ప్రశ్న వేశాను.

"మరి ఊపిరో? ఎలా ఉంది ఆ గాలి?"

ఆయన స్టీరింగు మీద వేళ్ళు ఆడించారు.

"ఊపిరా? ఏమో, చూసుకోలేదు," అన్నారు.

నేనింకా ఆయన వంక ఆశ్చర్యంగా చూస్తూనే ఉన్నాను. ఆయన మళ్ళీ చేప దగ్గరికి వెళ్ళిపోయారు.