తీగ చుట్టిన కళ్లజోడు

ముఖాలు నాకు గుర్తుండవు, కళ్లజోళ్లు గుర్తుంటాయి. మా నాన్నకు అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం ఉండేది. బడి వదలగానే కౌంటరు వెనక స్టూలెక్కి, వచ్చినవాళ్లు ఏ రకం ఫ్రేము పెట్టుకున్నారో చెప్పడమే నా ఆట. ఆ పిచ్చే చివరికి నాకు కూడు పెట్టింది. దగ్గర్లోనే ఒక చిన్న ప్రచురణ సంస్థ రాజకీయ నాయకుల కుటుంబ జీవితాల మీద ఫొటోల పుస్తకం వేస్తుంటే, వివరాలు సేకరించే పని నాకిచ్చారు.

ఒక పాత ఫొటో వచ్చింది. నల్లటి మందపాటి ఫ్రేము పెట్టుకున్న మనిషి, పక్కన ఒకావిడ, ఆవిడ ఒళ్లో పసిపిల్ల. అతని ముఖం సగం నీడలో ఉంది. కానీ ఫ్రేము ఎడమ కీలు దగ్గర సన్నటి తీగ చుట్టు కనిపించింది. సభకు వేళవుతోందని ఒక పెద్ద నాయకుడు తొందరపెడితే మా నాన్న చుట్టిన తీగ అది. "ఆయనే" అని ఢంకా బజాయించి చెప్పాను. పక్కనున్నది ఆయన భార్య కాదు. సంపాదకుడు ఆగుతాడా? "రెండో సంసారం" అని శీర్షిక పెట్టేశాడు.

ఫొటో వెనక నాంపల్లి స్టూడియో ముద్ర ఉంటే, అక్కడి ముసలాయన్ను అడిగి ఆవిడ ఇల్లు పట్టుకున్నాను. పేజీ ఐదింటికి అచ్చు మెషిన్ ఎక్కుతుంది. నాలుగింటికి నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆవిడ గుమ్మం ముందున్నాను. ఔననిపించుకుని వచ్చేద్దామని, నా తెలివికి నేనే మురిసిపోతూ వెళ్లాను.

ఆవిడకు ఎనభై దాటి ఉంటాయి. నేనిచ్చిన పేజీ ప్రూఫు మీది శీర్షిక కూడబలుక్కుంటూ చదివింది.

"ఏంది బిడ్డా గిది? ఈయన నా మొగడు. గా సారు కాడ డ్రైవరు. సారు కొత్త జోడు చేపిచ్చుకొని పాతది ఈయనకిచ్చిండు. అబిడ్స్‌ల అద్దాలు మార్పిచ్చుకున్నడు."

ప్రూఫు తీసుకుని మళ్లీ చూశాను. నాయకుడికి దూరపుచూపు బొత్తిగా లేదు. ఆయన అద్దాల వెనక చెంప అంచు లోపలికి విరిగినట్టు కనిపించేది. ఇక్కడ చెంప తిన్నగా ఉంది. ఫ్రేము చూసి ఊరుకోకుండా అద్దం కూడా చూడమని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో! సిగ్గుతో చచ్చిపోయాను.

"గల్లీల ఎట్ల తిరగాలె నేను? నా బిడ్డను ఎవలి బిడ్డ అంటరు?"

సంపాదకుడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. నాలుగూ నలభైకి ఎత్తాడు. ఫొటోలో ఉన్నది నాయకుడు కాదు, ఆయన డ్రైవరని చెప్పి పేజీ ఆపమన్నాను.

"ఇప్పుడెట్లా ఆపేది? కావాలంటే చివర ప్రశ్నార్థకం పెడదాం."

నాకు ఒళ్లు మండింది. "పెట్టినా ఆమె పరువు పోతుంది సార్. తప్పు నాది. ఆపకపోతే వచ్చి మెషిన్ ముందు కూర్చుంటా."

అతను గొణుక్కుంటూ, పేజీ తీసేయమని ఎవరికో చెప్పడం వినిపించింది. ఆవిడకు చెప్పాను. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఎన్ని దినాలు చూసినవ్ గీ ఫొటోను?"

"నాలుగు రోజులమ్మా."

"మరి గాయన నవ్వుడు కనవడలేదా?"

అప్పుడు చూశాను. నీడ పడని సగం ముఖంతో ఆ మనిషి, ఒళ్లోని పిల్లను చూసి నవ్వుతున్నాడు.